చార్మినార్ చుట్టూ రెండు రోజులు: శుక్ర, శనివారాల్లో ఏది ముందు, ఏది వెనక?

కృష్ణలంక_కుర్రాడు అడిగారు:

నమస్కారం అండీ. గురువారం రాత్రి విజయవాడలో బస్సెక్కి శుక్రవారం తెల్లవారేసరికి హైదరాబాద్ ఎంజీబీఎస్‌లో దిగుతాం. తిరుగు బస్సు శనివారం రాత్రి. నేను, మా ఆవిడ, పదకొండేళ్ల బాబు, అరవై దాటిన మా అమ్మ. ఫిల్మ్ సిటీ, మాల్స్ ఏవీ పెట్టుకోలేదు. రెండు రోజులూ పాతబస్తీలోనే నింపాదిగా తిరగాలని మా ఉద్దేశం.

ప్రస్తుతానికి ఇలా అనుకున్నాం. శుక్రవారం పదింటికి సాలార్‌జంగ్ మ్యూజియం, మధ్యాహ్నం మక్కా మసీదు, సాయంత్రం చౌమహల్లా ప్యాలెస్. శనివారం ఉదయం తొమ్మిదికల్లా లాడ్ బజార్‌లో గాజులు, మధ్యాహ్నం చార్మినార్ ఎక్కడం, సాయంత్రం పత్తర్‌గట్టిలో ముత్యాలు.

ఈ వరస సరిగ్గానే ఉందా? అమ్మకి మోకాళ్ల నొప్పులు, పైగా శాకాహారి. చార్మినార్ ఎక్కగలదా? లక్క గాజుల్లో అసలువీ ప్లాస్టిక్‌వీ ఎలా పోల్చుకోవాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

దారుల్‌షిఫా_దారి:

మీ వరస మొత్తం తిరగేయాలండీ. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. చౌమహల్లాకీ శుక్రవారమే సెలవు. పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం కూడా అంతే. మిగతా ఊళ్లలో మ్యూజియాలకి సోమవారం సెలవు కాబట్టి చాలామంది ఆ లెక్కలోనే వచ్చి మూసిన గేటు చూసి వెళ్లిపోతుంటారు. ఇక మక్కా మసీదులో శుక్రవారం మధ్యాహ్నమంటే వారం మొత్తంలో అత్యంత రద్దీ ఉండే సమయం. సుమారు పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా జుమ్మా నమాజు జనంతో మసీదే కాదు, చార్మినార్ చుట్టుపక్కల దారులన్నీ నిండిపోతాయి. బందోబస్తు ఉంటుంది, బండ్లను దూరంగానే ఆపేస్తారు. అంటే మీరు శుక్రవారానికి రాసుకున్న మూడింటిలో రెండు మూసి ఉంటాయి, మూడోది ఆ వేళకి చూసే వీలుండదు.

చార్మినార్ అలా కాదు, అది పురావస్తు శాఖ వాళ్లది, శుక్రవారం కూడా తెరిచే ఉంటుంది. కాబట్టి ఆరుబయట చూసేవాటినీ చార్మినార్‌నీ శుక్రవారానికి, గోడల మధ్య చూసేవాటినీ మక్కా మసీదునీ శనివారానికి పెట్టుకోండి. ఇలా:

శుక్రవారం ఉదయం ఆరున్నర, ఏడింటికి చార్మినార్‌కి ఉత్తరాన ఉన్న గుల్జార్ హౌజ్ కూడలి దగ్గర ఉండాలి. ఆ వేళకి దుకాణాలు తెరవరు, తోపుడుబండ్లు ఇంకా రావు. కూడలి చుట్టూ ఉన్న నాలుగు కమాన్లూ (పెద్ద తోరణ ద్వారాలు) చార్మినారూ ఒకే చూపులో దొరికేది ఆ గంటన్నరలోనే. పది దాటితే బండ్లు, గొడుగులు, వేలాడదీసిన దుపట్టాల మధ్య కమాను అడుగుభాగం కనిపించనే కనిపించదు. తొమ్మిదికి చార్మినార్ టికెట్ కౌంటర్ తెరవగానే ఎక్కేసి, పదిన్నరకల్లా దిగండి. తరువాత పత్తర్‌గట్టి, బాద్‌షాహీ ఆషూర్‌ఖానా చూసుకుని పన్నెండు లోపు ఆ ప్రాంతం నుంచి బయటపడి గదికి వెళ్లి విశ్రాంతి తీసుకోండి. నాలుగున్నరకి మళ్ళీ వచ్చి లాడ్ బజార్. దీపాలు వెలిగాక చార్మినార్‌ని ఇంకోసారి చూసుకోవచ్చు.

శనివారం పదింటికి సాలార్‌జంగ్, ఒంటిగంటకి భోజనం, రెండున్నర నుంచి చౌమహల్లా, అయిదు దాటాక నమాజు వేళ కాకుండా చూసుకుని మక్కా మసీదు, ఆ తరువాత ముత్యాలు. రెండు మ్యూజియాలూ అయిదింటికే మూసేస్తారు, టికెట్లు అంతకుముందే ఆపేస్తారు. అందుకే చౌమహల్లాకి మూడు దాటనివ్వొద్దు.

మీ బస్సు దిగే చోటే మీకు కలిసొస్తుంది. ఎంజీబీఎస్ మూసీ నదిలోనే ఉంది. దక్షిణం వైపు వంతెన దాటితే దారుల్‌షిఫా, అక్కణ్ణుంచి పడమరకి నడిస్తే సాలార్‌జంగ్, సుమారు కిలోమీటరు. సాలార్‌జంగ్ నుంచి చార్మినార్ మరో కిలోమీటరు పైచిలుకు. గది అఫ్జల్‌గంజ్, కోఠీ ప్రాంతాల్లో తీసుకుంటే అన్నీ దగ్గర. బుక్ చేసేటప్పుడు ఒక మాట అడగండి: వచ్చిన గంట నుంచి 24 గంటల లెక్కా, లేక మధ్యాహ్నం పన్నెండుకి ఖాళీ చేయాలా? తెల్లవారుజామున దిగేవాళ్లకి ఆ ఒక్క తేడాతో ఒక రోజు అద్దె అదనంగా పడుతుంది.

రాయి_సున్నం:

పైన చెప్పిన వరసే సరైనది. శుక్రవారం ఉదయం ఆ మూడు గంటల్లో ఏం చూడాలో నేను చెబుతాను. చాలామంది చార్మినార్‌తో ఫొటో దిగి గాజుల వైపు మళ్లిపోతారు. అసలు ఊరి ప్లాను అంతా చార్మినార్‌కి ఉత్తరాన ఉన్న ఆ కూడలిలో ఉంది.

చార్మినార్ 1591లో కట్టారు. మరుసటి ఏడాది దాని ఉత్తరాన నాలుగు కమాన్లు లేచాయి. నడిమధ్య గుల్జార్ హౌజ్. ఇప్పుడున్న చిన్న ఫౌంటెన్ ఒకప్పటి పెద్ద కొలనుకి మిగిలిన గుర్తు. ఫౌంటెన్ దగ్గర నిలబడి దక్షిణానికి తిరిగితే ఎదురుగా చార్మినార్ కమాను, దాని వెనక చార్మినార్. ఉత్తరాన మచిలీ కమాను, తూర్పున కాలీ కమాను, పడమర షేర్-ఎ-బాతిల్ కమాను. పడమటి కమాను కుతుబ్‌షాహీల రాజభవనానికి సింహద్వారం. ఆ రాజభవనం ఇప్పుడు లేదు, ద్వారం మాత్రం ఉంది. దాన్ని దాటి రెండు నిమిషాలు నడిస్తే ఇరుకు సందులు, చిన్న దుకాణాలు, వాటి పైన పాత ఇళ్ల కిటికీలు. ఒకప్పుడు ఇదంతా రాజభవనం లోపలి స్థలం. ఇది తెలిసి నడిస్తే ఆ సందుల్లో నడక వేరేగా ఉంటుంది.

చార్మినార్ కమాను పక్కనే జామే మసీదు ఉంది, 1597 నాటిది. చార్మినార్ కట్టిన ఆరేళ్లకే కట్టిన మసీదు. దుకాణాల మధ్య దాని దారి చిన్నది కావడంతో పక్కనుంచి పోతూ కూడా చాలామంది గమనించరు.

గుల్జార్ హౌజ్ నుంచి మదీనా బిల్డింగ్ దాకా రోడ్డుకి రెండు వైపులా ఉన్న రాతి కట్టడాల వరసే పత్తర్‌గట్టి. అక్కడ తల పైకెత్తి నడవండి. కింది అంతస్తు నిండా బోర్డులే. పై అంతస్తులో మాత్రం రాతి కమాన్లూ ముందుకు పొడుచుకొచ్చిన వసారాలూ ఒకే కొలతలో వరసగా సాగుతాయి. ఇది కుతుబ్‌షాహీల కాలం నాటిది కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఊరిని ముంచేశాక, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ ఊరిని మళ్ళీ దిద్దే పనిలో కట్టించింది. నయాపుల్ మీద నుంచి కనిపించే ఎర్రరాతి హైకోర్టు భవనం కూడా ఆ వరద తరువాతి దశాబ్దంలో లేచినదే. దాన్ని వంతెన మీద నుంచి చూడాల్సిందే, చూడటానికి వచ్చేవాళ్లని లోపలికి పంపరు.

ఆ వరద గుర్తు కళ్లారా చూడాలంటే మదీనా దగ్గరున్న బాద్‌షాహీ ఆషూర్‌ఖానాకి వెళ్లండి. 1590లలో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన సంతాప మందిరం. గోడలకి రంగు పెంకుల పని 1611కి పూర్తయింది. ఆవపసుపు, నీలం, ఆకుపచ్చ రంగులు నాలుగు వందల ఏళ్ల తరువాత కూడా తడిగా ఉన్నట్టు మెరుస్తుంటాయి. దగ్గరికి వెళ్లి గోడ కింది భాగం చూడండి. కొంత ఎత్తు వరకు అవి పెంకులు కావు, సున్నం మీద అదే నమూనాలో వేసిన రంగులు. వరద నీళ్లు నిలిచి ఊడిపోయిన పెంకుల చోట తరువాతి కాలంలో అలా నింపారు. ఎక్కడ మెరుపు ఆగి మట్టిరంగు మొదలవుతుందో అదే వరద మేర. పెంకుల్ని చేత్తో ముట్టుకోకండి, చేతి చెమటకి పైపూత పాడవుతుంది.

ఇది ఇప్పటికీ మొహర్రంలో ఆలంలు (పీర్లు) నిలిపే స్థలం. చెప్పులు బయట విడిచి, తల కప్పుకుని, అక్కడి ముజావర్‌ని (మందిరం చూసుకునే ఆయన్ని) అడిగి లోపలికి వెళ్లాలి. మొహర్రం రోజుల్లో వస్తే మాత్రం పర్యాటకుల్లా కెమెరా తీయడం పద్ధతి కాదు.

చార్మినార్ గురించి: ఒక్కో మీనారులో 149 మెట్లు ఉన్నాయి కానీ జనాన్ని మొదటి అంతస్తు దాకానే పంపుతారు. ఇద్దరు పక్కపక్కన నడవలేని మెలిక మెట్లు అవి. ఒక్కో మెట్టూ మన ఇళ్ల మెట్లకంటే బాగా ఎత్తు, అంచులు అరిగి నున్నబడ్డాయి, పట్టుకోవడానికి గోడ తప్ప ఏమీ లేదు. వెనక జనం తోసుకొస్తుంటే మధ్యలో ఆగి ఊపిరి తీసుకునే చోటు దొరకదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మగారిని ఎక్కించొద్దు. ఎక్కడం ఎలాగో అవుతుంది, అసలు ఇబ్బంది దిగేటప్పుడు. బాబుకైతే పైనుంచి తప్పక చూపించండి: ఉత్తరాన కమాన్లు, పడమర లాడ్ బజార్, నైరుతిలో మక్కా మసీదు. ఊరిని నాలుగు దారులుగా చీల్చి గీశారని అక్కడ నిలబడితేనే బుర్రకెక్కుతుంది. నాలుగు వైపులా కనిపించే గడియారాలు మాత్రం 1889లో పెట్టినవి.

భారతీయులకి టికెట్ పాతిక రూపాయలు, పదిహేనేళ్లలోపు పిల్లలకి లేదు. కౌంటర్ దగ్గరే క్యూఆర్ కోడ్ ఉంటుంది, ఫోన్‌లో తీసుకుంటే వరసలో నిలబడక్కర్లేదు.

చూడీబజార్_పోరి:

లక్క గాజుల సంగతి నేను చెప్త. ముందుగాల్ల ఒక మాట, పొద్దుగాల తొమ్మిదింటికి లాడ్ బజార్ పోతే షట్టర్లే చూసి రావాలె. పదకొండు దాటినంక ఒక్కొక్కటి తెరుస్తరు, పన్నెండు దాక సామాను సదురుకునుడే ఉంటది. నిమ్మళంగ చూడాలంటే మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల నడుమ మంచిది. లైట్ల కింద రాళ్లు మెరుసుడు చూడాలంటే ఆరు దాటినంక పోవాలె, గని అప్పుడు రద్దీ. శుక్రవారం నమాజు అయినంక నాలుగున్నరకు పోతే రెండూ కలిసొస్తయి.

లక్కను బొగ్గుల కుంపటి మీద మెత్తగ చేసి, రంగు కలిపి, ఆ ముద్దను రాయి మీద కర్రతోని దొర్లించి సన్నటి పుల్లలెక్క సాగదీస్తరు. దాన్ని వంచి కొసలు అతుకుతరు. ఒక దిక్కు సన్నగ, ఒక దిక్కు లావుగ ఉండే గుండ్రటి కట్టె మీదికెక్కించి సైజు సరిజేస్తరు. మళ్ల జర వేడి చూపించి, లక్క మెత్తగున్నప్పుడే అద్దాలు, రాళ్లు ఒక్కొక్కటి చేతితోని అదుముతరు. సల్లారినంక లక్కనే ఆ రాయిని పట్టుకుంటది, జిగురు అక్కరలేదు. 2024ల హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, అది ఈ పనికే.

కొనేటప్పుడు ఏం చూడాలెనంటే, గాజును తిప్పి లోపలి దిక్కు చూడున్రి. అసలు లక్కదైతే లోపల గూడ అదే రంగు, జర మొద్దు మెరుపు, అతుకు దగ్గర సన్నటి గీత ఉంటది. లోపల లోహం పట్టీ కనిపిస్తే అది లోహం మీద లక్క పూసింది. అది మోసం కాదు, గట్టిగ ఉంటది గూడ, గని ధర తక్కువ ఉండాలె. రెండు గాజులు మెల్లగ తాకిస్తే లక్క మొద్దుగ సప్పుడు చేస్తది, ప్లాస్టిక్ టకటకమంటది. రాయి సుట్టూ చూడున్రి, లక్క అంచు రాయి మీదికి జర ఎక్కి పట్టుకున్నట్టుంటే చేతిపని. రాయి సుట్టూ పారదర్శకంగ జిగురు మరక కనిపిస్తే అతికించింది, రెండు పెండ్లిళ్లకు తొడిగేసరికి రాళ్లు రాలుతయి.

సైజు దగ్గర్నే ఎక్కువ మంది తప్పు కొంటరు. 2.4 అంటే రెండు పాయింట్ నాలుగు అంగుళాలు కాదు, రెండు అంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు. లోపలి కొలత మిల్లీమీటర్లల్ల చెప్పాలంటే 2.2 కు 54, 2.4 కు 57, 2.6 కు 60, 2.8 కు 63న్నర, 2.10 కు 66న్నర దాటుతది. ఆన్‌లైన్‌ల చూసి దశాంశం అనుకునేటోళ్లు 2.10ని 2.2 కంటే చిన్నదనుకుంటరు, ఈ అయిదు సైజులల్ల అదే పెద్దది. మీ ఆవిడకు సరిపోయే పాత గాజు ఒకటి వెంట తెచ్చుకోండ్రి. ఎవరికన్న కానుక కొనేదుంటే వాళ్ల గాజు లోపలి వెడల్పు స్కేలుతోని కొలిచి రాసుకుని రాండ్రి. ఎడల్పు కడాలు ఒక సైజు పెద్దదే తీస్కోవాలె, ఎందుకంటే పట్టీ ఎడల్పున్నకొద్దీ మెటికల మీద ఆగుతది. అసలు లక్కదైతే జర తేడా ఉన్నా దుకాణంల వేడిచేసి సరిజేసి ఇస్తరు. లోహం పట్టీది కుదరదు.

బేరం చేసుడు ఇక్కడ అలవాటే. వీధిల నిలబెట్టి పిలిచే దుకాణంల చెప్పిన ధరకు సగం దగ్గర మొదలుపెట్టున్రి. అదే డిజైన్ నాలుగు దుకాణాలు అడిగితే అసలు ధర ఏందో మీకే తెలుస్తది. లోపలికున్న పాత దుకాణాలల్ల ధర ముందే జర న్యాయంగ చెప్తరు, అక్కడ సగానికి అడిగితే బాగుండదు. రాళ్లు అదిమేటోళ్లకు గాజుకు గంటల తరబడి కండ్లు పోతయి, అది మనసుల పెట్టుకుని అడగాలె.

ఇంటికి పోయేటప్పుడు ఒక్కో జత వేరే కాగితంల చుట్టి, గట్టి డబ్బాల పెట్టి, చేతిసంచిలనే పట్టుకోండ్రి. ఎండల ఆగిన కారు డిక్కీల పెడితే లక్క మెత్తబడి గాజులు ఒకదానికొకటి అంటుకుంటయి, వంకర పోతయి. వేడినీళ్లు, సెంటు తగలనియ్యకున్రి.

కృష్ణలంక_కుర్రాడు:

శుక్రవారం సెలవుల సంగతి తెలియకపోయుంటే ఒక రోజు మొత్తం పోయేది, చాలా కృతజ్ఞతలు. వరస మార్చేశాం. ఇంకో మూడు సందేహాలు. మేం పైకెక్కినప్పుడు అమ్మ ఎక్కడ కూర్చోవాలి? శాకాహారం ఎక్కడ బాగుంటుంది? సిటీ బస్సుల్లో ఆడవాళ్లకి ఉచితం అంటున్నారు, మాకూ వర్తిస్తుందా?

అఫ్జల్‌గంజ్_నివాసి:

ముందు బస్సు సంగతి. 2023 డిసెంబరు నుంచి అమలవుతున్న మహాలక్ష్మి పథకం తెలంగాణ చిరునామాతో గుర్తింపు కార్డు ఉన్న మహిళలకే. మీ ఆధార్‌లో విజయవాడ చిరునామా ఉంటే టికెట్ తీసుకోవాలి. అఫ్జల్‌గంజ్ నుంచి చార్మినార్ వైపు బస్సులు బోలెడు ఉంటాయి, కాకపోతే మధ్యాహ్నం దాటాక మదీనా దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటాయి. చార్మినార్‌కి మెట్రో లేదు, దగ్గరి స్టేషన్ ఎంజీబీఎస్సే. చార్మినార్ చుట్టూ బండ్లకి ప్రవేశం లేదు కాబట్టి ఆటో మిమ్మల్ని చార్మినార్ ముందే దింపుతుందని అనుకోకండి. ఎక్కేటప్పుడే "గుల్జార్ హౌజ్" అని చెప్పండి, మొత్తం కూడా అప్పుడే మాట్లాడుకోండి. చౌమహల్లాకి వెళ్లేటప్పుడు "ఖిల్వత్" అంటే ఆటోవాళ్లకి వెంటనే తెలుస్తుంది.

అమ్మగారి విషయంలో నా సలహా: శుక్రవారం ఉదయం ఆరున్నరకి మీ అందరితో ఆవిడా రావాలి. ఆ వేళలో ఎండ, తోపులాట ఉండవు, నేల చదును. మీరు పైకెక్కే అరగంట చార్మినార్ కిందే అంచున కూర్చోవచ్చు. పగలు పదకొండు దాటాక మాత్రం అక్కడ నీడ ఉండదు, కూర్చోవడానికి బల్లలు కూడా దొరకవు. మరుగుదొడ్డి గురించి ముందే అనుకోవాలి: బజారులో వెతుక్కోవడం కష్టం, శుభ్రంగా ఉండేవి సాలార్‌జంగ్‌లో, చౌమహల్లాలో. శుక్రవారం అవి రెండూ మూసి ఉంటాయి కాబట్టి గది దగ్గరగా ఉండటం అందుకు కూడా ముఖ్యం.

టిఫినుకి గుల్జార్ హౌజ్ దగ్గర గోవింద్ దోసె. వెన్న దోసె, పెనం మీద పొడి చల్లి కాల్చే తవా ఇడ్లీ. శాకాహారమే. ఉదయం పూటే ఉంటుంది, మధ్యాహ్నానికల్లా అయిపోతుంది. వెన్న ధారాళంగా వేస్తారు, అమ్మగారికి తక్కువ కావాలంటే పిండి పెనం మీద పోయకముందే చెప్పాలి. తరువాత వేడి పెనం దగ్గర చెప్పినా ఆయన చెయ్యి ఆగదు.

మక్కా మసీదు పక్కన నిమ్రాలో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. డికాక్షన్‌ని మూతపెట్టిన పాత్రలో సన్నసెగన మరిగిస్తూ, పాలను వేరే పొయ్యి మీద చిక్కబడేదాకా కాస్తూ ఉంటారు. కప్పులో రెండూ కలుస్తాయి. చక్కెర ముందే పడి ఉంటుంది, కాబట్టి చక్కెర లేకుండా ఇమ్మంటే కుదరదు. షుగర్ ఉన్నవాళ్లు ఒక కప్పుని ఇద్దరు పంచుకోవడం మేలు. మీరు మాంసం తినేవాళ్లైతే మదీనా, ఘాన్సీబజార్ వైపు హోటళ్లలో బిర్యానీ, ఛత్తా బజార్‌లో తెల్లవారుజామున నహారీ. అమ్మగారితో కలిసి మధ్యాహ్నం భోజనమంటే శనివారం సాలార్‌జంగ్ అయ్యాక ఆటోలో కోఠీ, అబిడ్స్ వైపు వచ్చి శాకాహార హోటల్లో తిని వెళ్లండి. ఒకే వంటగదిలో రెండూ వండే చోట పెద్దవాళ్లకి మనసొప్పదు.

దారుల్‌షిఫా_దారి:

శనివారం గురించి కాస్త వివరంగా. సాలార్‌జంగ్ ఒక్క పూటలో అయిపోయేది కాదు, మూడు గంటల్లో ఏం వదిలేయాలో ముందే తేల్చుకోవాలి. సంచులు బయట ఇచ్చేయాలి, నీళ్ల సీసా మాత్రం అమ్మగారి కోసం అడిగి ఉంచుకోండి. వీల్‌చైర్ కావాలంటే ప్రవేశం దగ్గరే అడగండి, మొహమాటపడొద్దు. లోపల నడక చాలా ఎక్కువ.

లోపలికి వెళ్లగానే జనం గుమిగూడకముందే ముసుగు రెబెక్కా దగ్గరికి వెళ్లండి. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాతి శిల్పం. ముఖం మీది ముసుగు కూడా రాయే, అయినా దాని వెనక ముక్కు, పెదవులు కనిపిస్తాయి. ఎదురుగా నిలబడితే మామూలుగా ఉంటుంది. పక్కకి జరిగి వెలుతురు ఏటవాలుగా పడేచోట నిలబడి చూడాలి, మడతలు అప్పుడే తెలుస్తాయి. తరువాత జంట శిల్పం: ఒకే కొయ్యలో ముందువైపు మెఫిస్టోఫిలిస్ అనే దయ్యం, వెనకవైపు మార్గరెట్టా అనే అమ్మాయి, ఇద్దరూ జర్మన్ నాటకం ఫౌస్ట్‌లోని పాత్రలు. వెనక అద్దం ఉంటుంది, బాబుని అద్దంలో కూడా చూడమనండి.

సంగీత గడియారంలో గంటకోసారి చిన్న బొమ్మ బయటికొచ్చి ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొడుతుంది. పన్నెండు కొట్టడం చూడాలని అందరూ పన్నెండింటికే వస్తారు, పిల్లలకి ముందువాళ్ల వీపులే కనిపిస్తాయి. మీరు పదకొండింటికి చూడండి. ఒక్క దెబ్బ తగ్గుతుంది, కుర్చీలు ఖాళీగా దొరుకుతాయి, అమ్మగారు కూడా కూర్చుని చూస్తారు. మిగిలిన గంటన్నరలో జేడ్ అనే ఆకుపచ్చ రాతి వస్తువుల గది, అందులో జహంగీర్, నూర్‌జహాన్‌ల బాకులు, తరువాత ఆయుధాలు, దంతపు పని. ఐరోపా పింగాణీ గదులు బాగానే ఉంటాయి కానీ సమయం తక్కువున్నప్పుడు వదిలేయాల్సినవి అవే.

చౌమహల్లాకి చార్మినార్ మీదుగానే వెళ్లొచ్చు, లాడ్ బజార్‌లోంచి మోతీగల్లీకి తిరిగితే పది నిమిషాల నడక. 1750లో సలాబత్‌జంగ్ మొదలుపెట్టిన కట్టడం, అఫ్జల్ ఉద్దౌలా కాలంలో, అంటే 1857, 1869 మధ్య, పూర్తయింది. ఖిల్వత్ దర్బారు హాల్లో 19 పెద్ద షాండ్లియర్లు వేలాడుతుంటాయి. చాలామంది అక్కడే ఫొటోలు తీసుకుని వెనక్కి తిరిగిపోతారు. వెనక ఆవరణలోకి వెళ్లండి. అఫ్జల్, మహ్‌తాబ్, తహ్నియత్, ఆఫ్తాబ్ మహల్లు నాలుగూ అక్కడే, మధ్యలో కొలను. పాత కార్లు కూడా అటువైపే, వాటిలో 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ దగ్గర బాబు కనీసం పావుగంట నిలబడతాడు. నేలంతా చదునే, దర్బారు హాలు మెట్లు తప్ప అమ్మగారికి ఇబ్బంది లేదు.

మక్కా మసీదులో పెద్ద సంచులు పంపరు. 2007 పేలుడు తరువాత తనిఖీ గట్టిగానే ఉంటుంది. భుజాలూ మోకాళ్లూ కప్పే బట్టలు, ఆడవాళ్లకి తలమీద కొంగో దుపట్టానో. ప్రార్థన హాల్లోకి వెళ్లకుండా ముంగిట నిలబడి కమాన్ల ఎత్తు చూడండి. 17వ శతాబ్దం మొదట్లో కుతుబ్‌షాహీలు ఎత్తిన గోడలు, 1694లో ఔరంగజేబు కాలంలో ముగిసిన పని. ప్రాంగణంలో ఒక పక్క అసఫ్‌జాహీల సమాధులు. రెండో నిజాం నుంచి ఆరో నిజాం వరకు ఇక్కడే ఉన్నారు. ఏడో నిజాం సమాధి మాత్రం కింగ్‌కోఠీలోని జూదీ మసీదులో ఉంది. 2023 జనవరిలో ఆయన మనవడు ముకర్రమ్ జా భౌతికకాయాన్ని మాత్రం మక్కా మసీదుకే తెచ్చి ఖననం చేశారు.

రాయి_సున్నం:

సాలార్‌జంగ్‌లో రెండు గంటలకే అలసిపోతే పురానీ హవేలీ ఇంకో దారి. అక్కడి నిజాం మ్యూజియం చిన్నది, ముప్పావుగంట చాలు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టల బీరువా ఒక్కటే 176 అడుగుల పొడవు, రెండంతస్తులు, చేత్తో లాగే కొయ్య లిఫ్టుతో సహా. ఏడో నిజాం పాలన పాతికేళ్ల ఉత్సవం 1937లో జరిగినప్పుడు వచ్చిన కానుకలు మిగతావి. 2018లో దొంగలు ఎత్తుకుపోతే పోలీసులకి మళ్ళీ దొరికిన బంగారు టిఫిన్ డబ్బా ఇక్కడిదే. అయితే సాలార్‌జంగ్, పురానీ హవేలీ, చౌమహల్లా మూడూ ఒకే రోజున పెట్టుకుంటే అమ్మగారికి కష్టం, రెండు చాలు.

ముత్యాల_వీధి:

ముత్యాల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా. "బస్రా ముత్యం" అని చెప్పి అమ్మేవాళ్ల దగ్గర ఆగకండి. అసలు బస్రా ముత్యాలు, అంటే పర్షియన్ గల్ఫ్‌లో సహజంగా దొరికినవి, ఇప్పుడు పాత నగల్లో తప్ప దొరకవు, మామూలు హారం ధరకి అసలే దొరకవు. ఇప్పుడు పత్తర్‌గట్టిలో అమ్మేవాటిలో ఎక్కువ భాగం చైనా మంచినీటి ముత్యాలు. అవి నకిలీ కావు. ఆల్చిప్పలో పెంచినవే, రోజూ వేసుకోవడానికి బాగుంటాయి. ఆ సంగతి దాచకుండా చెప్పే దుకాణంలో కొనండి.

గాజుపూస, ప్లాస్టిక్ పూస తేల్చడానికి రెండు ముత్యాల్ని మెల్లగా ఒకదానితో ఒకటి రుద్దండి. అసలువి సన్నటి ఇసుక తగిలినట్టు గరగరమంటాయి, పూసలు జారిపోతాయి. తరువాత రంధ్రం అంచు చూడండి. పూసల్లో పైపూత అక్కడ పెచ్చులుగా లేచి లోపలి రంగు కనిపిస్తుంది. హారంలో ముత్యాలన్నీ అచ్చుగుద్దినట్టు ఒకే గుండ్రన, ఒకే మెరుపు ఉండి ధర చవగ్గా ఉంటే అనుమానించాలి.

దారం గుచ్చేటప్పుడు ప్రతి ముత్యానికీ మధ్య ముడి వేయమని అడగండి. ఊరికే గుచ్చి ఇచ్చినదానికంటే కొంచెం ఆలస్యమవుతుంది, కూలీ కొంచెం ఎక్కువ. కానీ దారం తెగితే ఒక్కటే రాలుతుంది, ముత్యాలు ఒకదానికొకటి రాసుకుని మెరుపు పోగొట్టుకోవు. మీకు శనివారం రాత్రే బస్సు కాబట్టి హారం శుక్రవారం ఉదయం కాకపోతే సాయంత్రం ఎంచుకుని ముడులకి ఇచ్చేయండి, శనివారం వెళ్లి తీసుకోండి. చివరి నిమిషంలో ఇస్తే ముడుల్లేకుండానే చేతిలో పెడతారు. బిల్లు మీద "మంచినీటి ముత్యాలు" అనీ బరువూ రాయించుకోవడం మరవకండి. సెంటు రాసుకున్నాక, జుట్టు నూనె పెట్టుకున్నాక వేసుకోవాలి కానీ ముందు కాదు. తీసిన ప్రతిసారీ తడి నూలుగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, గుడ్డసంచిలో ఉంచాలి. ప్లాస్టిక్ కవర్లో బిగించి పెడితే పచ్చబడతాయి.

అఫ్జల్‌గంజ్_నివాసి:

తిరుగు బస్సు గురించి ఒక్కటి. శనివారం సాయంత్రం ఆరు, తొమ్మిది మధ్య చార్మినార్ నుంచి మదీనా దాకా వాహనాల కంటే నడకే ముందు చేరుతుంది. అమ్మగారిని నడిపించలేరు కాబట్టి ఎనిమిది దాటాక బయల్దేరితే ఆటోకి కనీసం ముప్పావుగంట ఉంచుకోండి. గది ఖాళీ చేసి సామాను ఉదయమే ఎంజీబీఎస్ క్లోక్‌రూమ్‌లో పెట్టేస్తే మళ్ళీ గదికి తిరిగి వెళ్లే పని ఉండదు. తాళం లేని సంచి తీసుకోరు, చిన్న తాళం ఒకటి ఇంటి దగ్గరే వేసుకుని రండి.